బాల్ పైథాన్ రంగులకు ఇంత ధర న్యాయమేనా?

నాపర్‌విల్ నాన్న

ఒకే జాతి, ఒకే వయసు, ఒకే తిండి. అయినా ఒక బాల్ పైథాన్ (పశ్చిమాఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ) పిల్ల 60 డాలర్లు, పక్క డబ్బాలోది 4,500 డాలర్లు. తేడా అంతా చర్మం మీది రంగులోనే. మా అమ్మాయి కోసం ఇల్లినాయ్‌లోని టిన్లీ పార్క్ సరీసృపాల ప్రదర్శనకు వెళ్లి, ఈ ధరలు చూసి ఏమీ కొనకుండా తిరిగి వచ్చాం. అమ్మేవారిని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. జన్యువు కొత్తది అన్నారు ఒకరు. ఆడది కాబట్టి అన్నారు మరొకరు. ‘మూడేళ్లలో మీ డబ్బు మీకు తిరిగి వస్తుంది’ అని ఇంకొకాయన అన్నప్పుడు మాత్రం నాకు భయం వేసింది. నేను అడిగింది మా పిల్ల పెంచుకునే ప్రాణి గురించి. ఆయన చెప్పింది పెట్టుబడి గురించి.

ఈ చర్చావేదికలో పాములు పెంచేవారు, గుడ్లు పొదిగించేవారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. రంగుకు ఇంత ధర న్యాయమేనా? దానివల్ల పాములకు మేలు జరుగుతోందా, కీడు జరుగుతోందా? అసలు ఇంట్లో పామును పెంచవచ్చా అనేది వేరే చర్చ. దయచేసి దాన్ని ఇందులోకి తేవద్దు.

డాలస్ గూడు

న్యాయమే. ఎందుకో చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

రంగో, మచ్చల తీరో మారిన రకాలను, పాములను పొదిగించి అమ్మే మేము మార్ఫ్ అంటాం. కొన్ని జన్యువులు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా బయటపడతాయి. పాస్టెల్, మొహావే, బనానా అలాంటివి. మరికొన్ని ఇద్దరి నుంచీ వస్తేనే కనిపిస్తాయి. అల్బినో, పైబాల్డ్, క్లౌన్ ఈ కోవలోవి. ఎక్కువ శ్రమ ఈ రెండో రకంతోనే. క్లౌన్ మగదాన్ని మామూలు ఆడదానితో జతకడితే పిల్లలన్నీ పైకి మామూలుగానే పుడతాయి, జన్యువును మాత్రం లోపల మోస్తుంటాయి. వాటిని హెట్ అంటాం. ఆ హెట్ ఆడపిల్ల గుడ్లు పెట్టే బరువుకు, అంటే సుమారు 1,500 గ్రాములకు చేరడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. అప్పుడు హెట్‌తో హెట్‌ను కలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి క్లౌన్ అవుతుంది.

ఇలాంటి జన్యువులు రెండు ఒకే పాములో కనిపించాలంటే పదహారింట ఒకటి. మూడు కనిపించాలంటే అరవై నాలుగింట ఒకటి. బాల్ పైథాన్ ఏడాదికి ఒక్కసారే, సగటున ఆరు గుడ్ల చొప్పున పెడుతుంది. కొన్ని సంవత్సరాలు అసలు పెట్టదు. అంటే మూడు జన్యువులు కలిసిన పిల్లను ఒక్కదాన్ని చూడటానికి పది, పదకొండు విడతల గుడ్లు కావాలి. ప్రతి విడతనూ 31, 32 డిగ్రీల వేడిలో, గాలిలో తేమ తగ్గకుండా, రెండు నెలల పాటు ఇంక్యుబేటర్‌లో కాపాడాలి. పుట్టిన పిల్లల్లో కొన్ని వారాల తరబడి ఎలుకను ముట్టవు. వాటి ముందు అర్ధరాత్రి దాకా కూర్చోవాలి.

మీరు చూసిన 4,500 డాలర్ల పిల్ల వెనుక ఎవరివో ఆరేడేళ్లు ఉన్నాయి. ఆ ఆరేడేళ్లకూ కూలి లేదు, సెలవు లేదు.

ఆడ, మగ తేడా గురించి కూడా అడిగారు. మగది ఏడాది వయసుకే జతకట్టగలదు, ఒక్క సీజన్‌లో చాలా ఆడపాములతో కలవగలదు. అందుకే కొత్త జన్యువు వచ్చినప్పుడు మగదాని కోసం పోటీ పడతారు. ఆ జన్యువు అందరికీ చేరాక మగపిల్లల ధర పడిపోతుంది, ఆడదాని ధర నిలబడుతుంది. గుడ్లు పెట్టేది అదే కదా. బనానాలో ఇంకో మెలిక ఉంది. తల్లి నుంచి ఆ జన్యువు వచ్చిన మగదానికి పుట్టే బనానాలు ఎక్కువగా ఆడవి. తండ్రి నుంచి వచ్చినదానికి పుట్టే బనానాలు ఎక్కువగా మగవి. చూడటానికి రెండు మగపాములూ ఒకేలా ఉంటాయి, కానీ మొదటిదానికి ఎక్కువ ధర పలికేది.

ఈములు చూసినవాడు

ఒంగోలు నుంచి రాస్తున్నాను. నాకు పాముల పెంపకం తెలియదు. ఈ వాదన మాత్రం బాగా తెలుసు.

2000 తర్వాత మన దగ్గర ఈము పక్షుల వెర్రి నడిచింది. మాంసానికి గిరాకీ, నూనెకు గిరాకీ, తోలుకు, ఈకలకు కూడా గిరాకీ అన్నారు. నిజంగా కొన్నది ఎవరు? కొత్తగా ఫారం పెట్టే రైతు. ఆయన పుట్టించిన పిల్లల్ని కొన్నది ఆయన తర్వాత ఫారం పెట్టిన రైతు. కొత్త రైతు రావడం ఆగిపోయిన రోజున పక్షి విలువ దాని మేత ఖర్చు కంటే కిందికి పోయింది. 2012లో తమిళనాడులోని పెరుందురైలో సుశి ఈము ఫారమ్స్ కుప్పకూలినప్పుడు వేల పక్షులు మేత లేక అలమటించాయి. మా వైపు రైతులూ మేత పెట్టలేక వాటిని వదిలించుకునే దారి వెతుక్కున్నారు. నష్టపోయిన మనిషి అప్పు తీర్చుకుంటాడు. ఆ పక్షి చేసిన తప్పేమిటి?

డాలస్ గూడు గారూ, మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మీరు చెప్పింది తయారు చేసేవాడి ఖర్చు. ఆ ధరను నిలబెట్టేది కొనేవాడు. మీ దగ్గర వేల డాలర్లు పెట్టి కొన్నవారిలో పెంచుకోవడానికి కొన్నవారు ఎందరు, మళ్లీ పిల్లల్ని పుట్టించి అమ్మడానికి కొన్నవారు ఎందరు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబిస్తే మిగతా చర్చ సులువవుతుంది.

డాలస్ గూడు

దాచడానికి ఏమీ లేదు. వెయ్యి డాలర్లు దాటిన పామును కొనేవారిలో ఎక్కువమంది పొదిగించేవారే. కానీ మీ పోలికలో ఒక తేడా ఉంది. ఈముకు చివర్లో మాంసం తినేవాడు కావాలి, ఆ మనిషి రాలేదు. పాముకు చివర్లో ప్రేమగా పెంచుకునేవాడు ఉన్నాడు. అమెరికాలో ఇళ్లలో పెరిగే పాముల్లో బాల్ పైథాన్‌కు ఉన్నంత ఆదరణ మరో జాతికి లేదు. సాధువు, ఐదడుగులు దాటడం అరుదు, బెదిరితే కరవడం మాని బంతిలా చుట్టుకుంటుంది. ఆ ఆదరణ ఉన్నంత కాలం దీనికి పునాది ఉంది.

మెండెల్ బఠానీ

మిషిగన్ నుంచి. జన్యుశాస్త్రం నా పని. ఇద్దరి మాటల్లోనూ ఒక విషయం వదిలేశారు, అది ధర కాలంతో ఎలా కదులుతుందన్నది.

1989లో బాబ్ క్లార్క్ అనే అమెరికన్ పెంపకందారు చేతికి ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక అల్బినో చేరింది. 1992లో దాని సంతతిలో అల్బినోలు పుట్టాయి. అప్పట్లో ఒక్కొక్కటి 7,500 డాలర్లకు అమ్ముడైంది. 1997లో పీటర్ కాల్ పైబాల్డ్ కూడా వంశపారంపర్యంగా వచ్చే లక్షణమేనని పొదిగించి చూపించాడు. మన బొల్లావుల్లాగా తెల్లని ఒంటి మీద అక్కడక్కడ రంగు ముక్కలు. దాన్ని చూసి జనం వెర్రెత్తిపోయారు. ఈరోజు అల్బినో వంద, నూట యాభై డాలర్లకు దొరుకుతోంది. పైబాల్డ్ కొన్ని వందలు. మొదట్లో పదివేల డాలర్లు దాటిన బనానా మగపిల్ల ఇప్పుడు వంద డాలర్ల చుట్టూ తిరుగుతోంది.

ఆ రంగుల అందం ఏమీ తగ్గలేదు. పాము తనను తానే అచ్చు వేసుకుంటుంది, అంతే. మీరు ఒక మగదాన్ని అమ్మిన రోజునే దాన్ని తయారు చేసే యంత్రాన్ని కూడా పోటీదారుడి చేతిలో పెట్టారు. ధర పడటం ప్రమాదవశాత్తూ జరగలేదు, ఆ జన్యువు పని చేసే తీరులోనే ఉంది. డాలస్ గూడు గారు చెప్పిన ఆరేడేళ్ల శ్రమ నిజం. ఆ ఆరేడేళ్లలో మిగతా పెంపకందారులూ అదే జతను అరలలో పెంచుతూ ఉంటారు. అందుకే మొదట అమ్మినవాడికి పంట, ఐదో ఏట అమ్మినవాడికి ఎలుకల ఖర్చు. కోవిడ్ లాక్‌డౌన్లలో ఇంట్లో కూర్చున్న జనం ఎగబడి కొనడంతో 2020, 2021లో ధరలు ఎగిశాయి. అప్పుడు కొత్తగా దిగినవారి ఆడపాములు గుడ్లు పెట్టే వయసుకు వచ్చేసరికి గిరాకీ చల్లబడింది.

ఒకప్పుడు ఈ ధరలో వెతుకులాట ఖర్చు కూడా ఉండేది. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి పెట్టెల్లో వచ్చే వేల పిల్లల మధ్య వింత రంగున్న ఒక్కదాని కోసం దిగుమతిదారులు గాలించేవారు. 1975 నుంచి లెక్కిస్తే పశ్చిమాఫ్రికా నుంచి ముప్పై లక్షలకు పైగా బాల్ పైథాన్లు ఎగుమతయ్యాయి. అదే బెనిన్‌లోని విదా పట్టణంలో వీటికి గుడి ఉంది, అక్కడి భక్తులు వీటిని చంపరు. ఇప్పుడు మార్ఫ్‌లు దాదాపుగా ఇళ్లలోనే పుడుతున్నాయి. ఇది మంచి మార్పు, దీన్ని పెంపకందారుల ఖాతాలో వేయాల్సిందే.

ఇంకో మార్పు కుబుసం తెచ్చింది. హెట్‌తో హెట్‌ను కలిపితే రంగు బయటపడని పిల్లలు పుడతాయి కదా, వాటిలో ప్రతి మూడింటికి రెండు హెట్‌లే. ఏ రెండు? చూసి చెప్పలేరు. కాబట్టి ‘66 శాతం హెట్’ అని రాసి అవకాశాన్ని అమ్మేవారు. కొన్నవాడు మూడేళ్లు పెంచి, గుడ్లు పొదిగించి, అప్పుడు తెలుసుకునేవాడు. ఈస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు పెంపకందారులు పంపిన కుబుసాల నుంచే అల్బినో రకాల వెనుక ఉన్న జన్యువులను పట్టుకున్నారు. 2023లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ బృందం పైబాల్డ్‌కు టీఎఫ్ఈసీ అనే జన్యువుతో సంబంధం ఉందని చూపింది. ఇప్పుడు చాలా జన్యువులకు కుబుసం ముక్క పంపితే పరీక్ష చేసి చెబుతున్నారు. నాపర్‌విల్ నాన్న గారూ, ఇకపై ఎవరైనా ‘బహుశా హెట్’ అని ఎక్కువ ధర చెబితే పరీక్ష ఫలితం అడగండి.

సాదా పామే చాలు

ఎడిసన్, న్యూజెర్సీ. నా దగ్గర ఉన్నది ఏ మార్ఫూ కాని మామూలు బాల్ పైథాన్. ఈ అభిరుచిలో దాన్ని ‘నార్మల్’ అంటారు. నార్మల్ అని చెప్పగానే ఎదుటివారి ముఖంలో ఆసక్తి పోతుంది. నాకు అది బాధగా ఉంటుంది. నల్లటి ఒంటి మీద తేనెరంగు మచ్చలు, వాటి మధ్య చిన్న చిన్న కళ్లలాంటి చుక్కలు. పశ్చిమాఫ్రికా గడ్డిమైదానాల్లో ఎండుటాకుల మధ్య కనిపించకుండా ఉండటానికి లక్షల ఏళ్లుగా రూపుదిద్దుకున్న చర్మం అది.

అభిరుచి ఎవరు నిర్ణయిస్తున్నారో కూడా మాట్లాడుకుందాం. రెండు పైబాల్డ్‌లను పక్కపక్కన పెట్టండి. జన్యువు ఒకటే. తెలుపు ఎక్కువున్నదానికి ఎక్కువ ధర, తక్కువున్నదానికి తక్కువ. కొన్నాళ్లకు తెలుపు తక్కువున్నదే అరుదని దాని కోసం కొందరు వెతుకుతారు. పదిహేనేళ్ల కిందట ఎక్కడ చూసినా స్పైడర్, దాన్ని పాస్టెల్‌తో కలిపిన బంబుల్‌బీ. ఇప్పుడు క్లౌన్, డెజర్ట్ ఘోస్ట్. ఈ గాలి మారిన ప్రతిసారీ ఇరవై, ముప్పై ఏళ్లు బతికే ప్రాణులు పాత సరుకుగా మిగిలిపోతున్నాయి. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో ఒక ఆడ బాల్ పైథాన్‌కు 2020 నాటికే 60 ఏళ్లు దాటాయి. ఏళ్ల తరబడి మగతోడు లేకుండానే ఆ ఏడాది అది గుడ్లు పెట్టింది. ఇంత ఆయుష్షున్న జీవిని ఈ ఏటి రంగును బట్టి తూచడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

పైగా ఆ రంగు నిలుస్తుందా? పాస్టెల్ పసుపు వయసుతో పాటు మట్టిరంగుకు దిగుతుంది. బనానాకు పెద్దయ్యేకొద్దీ ఒళ్లంతా నల్లచుక్కలు పడతాయి. మీరు ఫొటోలో చూసేది మొదటి కుబుసం విడిచిన వారంలో, మంచి వెలుతురులో తీసిన పిల్లను. అమ్మేవారు పెద్దయిన తల్లిదండ్రుల ఫొటోలు కూడా పక్కన పెట్టాలి.

లెస్టర్ పశువైద్యురాలు

ఇంగ్లండ్‌లో సరీసృపాలకు వైద్యం చేస్తాను. స్పైడర్ పేరు వచ్చింది కాబట్టి అక్కడే ఆగి చెబుతాను, ఎందుకంటే ధరకూ బాధకూ ఉన్న సంబంధం అందులో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

స్పైడర్ అంటే సన్నని నల్లగీతలతో సాలెగూడు అల్లినట్టుండే రకం. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకే ఒక్క పాము దాని మూలం. 1999లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ రెప్టైల్ డిస్ట్రిబ్యూటర్స్ వారు దాని లక్షణం పిల్లలకు వస్తుందని నిరూపించారు. ఈరోజు ఉన్న ప్రతి స్పైడర్‌లోనూ ఆ పాము వంశమే ఉంది. అన్నింటికీ ఏదో ఒక స్థాయిలో తల వణుకుతుంది. కొన్నింటిలో పెద్దగా తెలియదు. కొన్ని తలను తిప్పుకుని వెల్లకిలా పడతాయి, ఎలుకను గురిచూసి పట్టుకోలేవు. ఈ జన్యువు రెండు ప్రతులు వచ్చిన పిల్ల బతకదు.

చాలా ఏళ్లు పెంపకందారులు చెప్పిన మాట ఒకటే. పాము తింటోంది, జతకడుతోంది, కాబట్టి దానికి బాధ లేదు. 2022లో ప్రచురితమైన పరిశోధనలో స్పైడర్‌ల లోపలి చెవిని స్కాన్ చేసి చూశారు. సమతుల్యతను కాపాడే అర్ధవృత్తాకార నాళికలు, శాక్యులస్ అనే సంచి వికృతంగా ఉన్నాయని తేలింది. మనకు కళ్లు తిరిగినప్పుడు ఉండే స్థితి వాటికి జీవితాంతం ఉంటుందేమో ఆలోచించండి. పాముకు అరవడం, మూలగడం చేతకాదు. తినడం ఒక్కటే ఆరోగ్యానికి కొలత అయితే మన ఆసుపత్రులన్నీ ఖాళీగా ఉండేవి.

స్పైడర్ ఒక్కటే కాదు. వోమా, షాంపేన్ రకాల్లోనూ ఈ వణుకు ఉంది. డెజర్ట్ అనే రకంలో ఆడవి గుడ్లు పెట్టలేక, గుడ్లు లోపలే ఇరుక్కుని చనిపోయిన అనుభవాలు ఎక్కువ కావడంతో ఆడవాటిని జతకట్టించడం మానేశారు. సాదా పాము గారు చెప్పిన డెజర్ట్ ఘోస్ట్ వేరు, రెండింటినీ కలపకండి. కారమెల్ అల్బినోల్లో వెన్ను వంకరలు తరచుగా కనిపిస్తాయి.

వీటిని పుట్టించినవారంతా క్రూరులని నేను అనను. అంత ధర పలుకుతున్నప్పుడు కళ్లముందు ఉన్న వణుకు ‘చిన్న లోపం’గా కనబడుతుంది, అదే నా భయం. బ్రిటన్‌లోని ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ తన ప్రదర్శనల్లో స్పైడర్‌ల అమ్మకాన్ని నిషేధించింది. జర్మనీ జంతు సంక్షేమ చట్టం, బాధనో వైకల్యాన్నో వారసత్వంగా ఇచ్చే పెంపకాన్ని 11బీ సెక్షన్ కింద నిషేధిస్తుంది. అమెరికాలో ఇంత సూటి నియమం లేదు. అక్కడ కొనేవాడే అడ్డుకట్ట కావాలి.

డాలస్ గూడు

స్పైడర్‌ను నేను పొదిగించను, షాంపేన్‌ను పొదిగించను. ఈ విషయంలో డాక్టర్ గారితో నాకు తగాదా లేదు. కానీ ఆ నాలుగైదు జన్యువులను చూపించి మిగతా వందల రకాలను బోనెక్కించకండి. క్లౌన్‌కు, పైబాల్డ్‌కు అలాంటి వణుకు లేదు.

ఇక ధర పాముకు కీడు అన్న మాటను నేను ఒప్పుకోను. డాక్టర్ గారినే అడుగుతున్నాను. 40 డాలర్లకు కొన్న పాముకు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే ఎందరు మీ దగ్గరికి తెస్తారు? పరీక్షకే పాము ధరకు రెండింతలు అవుతుంది. 2,000 డాలర్లు పెట్టి కొన్నవాడు మరుసటి రోజే వస్తాడు. చవకగా దొరికినదాన్ని పిల్లవాడు వారం రోజులు ఆడుకుని గరాజులో పెట్టేస్తాడు. అమెరికాలో పాముల పునరావాస కేంద్రాలకు వెళ్లి చూడండి, నిండిపోయి ఉండేవి చవక పాములే.

లెస్టర్ పశువైద్యురాలు

మీరు అన్నదాంట్లో సగం నిజం. చవక పాములు ఆలస్యంగా వస్తాయి, కొన్ని రానే రావు. కానీ ఖరీదైన పాము అంటే బాగా చూసుకునే పాము అని తేల్చేయకండి. 2,000 డాలర్ల పాము చాలా సందర్భాల్లో ఎక్కడ ఉంటుంది? తన పొడవుకు చాలని ప్లాస్టిక్ డబ్బాలో, కాగితం పరుపు మీద, ఒక నీళ్ల గిన్నెతో, అలాంటి డబ్బాలు యాభై ఉన్న అరలలో. ఎక్కడానికి కొమ్మ లేదు, తవ్వడానికి మట్టి లేదు. జబ్బు చేస్తే తెస్తారు, నిజమే, అది పెట్టుబడి కాబట్టి. గుడ్లు పెట్టడం మానేశాక తెస్తారా?

కూకట్‌పల్లి కుర్రాడు

హైదరాబాద్‌లో కొందరు ఆన్‌లైన్‌లో బాల్ పైథాన్ ఉందని, ధర అడిగితే చెబుతామని పెడుతున్నారు. అక్కడి వంద డాలర్ల పామును ఇక్కడ అనేక రెట్లు చెబుతున్నారు. కొనవచ్చా?

అడవి చట్టం

కాగితాలు లేకుండా కొనకండి, తమ్ముడూ. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందంలో బాల్ పైథాన్ రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇలాంటి విదేశీ జాతులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఉన్న జంతువును కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలపాలి. బ్యాంకాక్, కౌలాలంపూర్ నుంచి సామాన్లలో పాములను దాచి తెస్తూ చెన్నై విమానాశ్రయంలో పట్టుబడిన కేసులు వరుసగా వస్తున్నాయి. అలా వచ్చినవాటిలో ఎన్ని దారిలోనే చచ్చిపోతాయో ఆలోచించండి. ఇక్కడ మీకు చెప్పే ధరలో ఆ దొంగరవాణా ఖర్చు కూడా ఉంటుంది. మన దేశపు కొండచిలువనైతే అసలు ముట్టుకోవద్దు, అది మొదటి షెడ్యూల్‌లో ఉంది.

ఈములు చూసినవాడు

నాకు ఇంకా నా ప్రశ్నకు పూర్తి జవాబు రాలేదు. పెంచుకునేవాడు చివర్లో ఉన్నాడన్నారు, సంతోషం. కానీ ఆయన 100 డాలర్ల దగ్గర ఉన్నాడు, 4,500 దగ్గర లేడు. పై ధరను మోస్తున్నది కొత్తగా పొదిగించడానికి దిగేవారే కదా? వారు తగ్గిన ఏడాది పై నుంచి కింది దాకా అంతా జారుతుంది.

మెండెల్ బఠానీ

జారుతుంది, చాలాసార్లు జారింది కూడా. 2008 మాంద్యంలోనూ ఈ మార్కెట్ దెబ్బ తింది. అయినా పూర్తిగా కూలలేదు. కారణం డాలస్ గూడు గారు చెప్పిందే, అట్టడుగున నిజమైన ఇష్టం ఉంది. కాబట్టి ధర పడటం ఒక్కటే నన్ను కలవరపెట్టదు. పుట్టే పిల్లల సంఖ్య కలవరపెడుతుంది.

నాపర్‌విల్ నాన్న

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. ఒక్కటి మాత్రం నన్ను వదలడం లేదు. అరవై నాలుగింట ఒకటి అన్నారు. ఆ ఒక్కటీ 4,500 డాలర్లకు అమ్ముడవుతుంది. మిగతా అరవై మూడు ఎక్కడికి వెళ్తాయి?

డాలస్ గూడు

సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. ఆ అరవై మూడింటిలో కొన్నిటికి ఒకటో రెండో జన్యువులు బయటపడతాయి, అవి మధ్య ధరకు పోతాయి. కొన్ని హెట్‌లుగా పోతాయి. ఏదీ లేనివి పెంపుడు జంతువుల దుకాణాలకు టోకున, ఒక్కొక్కటి ఇరవై, ముప్పై డాలర్లకు వెళ్తాయి. వాటిని పెంచడం గిట్టదని పుట్టగానే చంపేసేవారూ, పాములను తినే కింగ్ స్నేక్‌లకు మేతగా వేసేవారూ ఈ రంగంలో ఉన్నారు. నేను ఆ పని చేయను, చేసేవారితో జతకు పామును మార్చుకోను.

దీనికి దారి ఉంది. హెట్‌తో హెట్‌ను కలపడం మొదటి మెట్టు మాత్రమే. ఒకసారి రంగు బయటపడిన జంట చేతికి వచ్చాక క్లౌన్‌తో క్లౌన్‌ను కలిపితే పిల్లలన్నీ క్లౌన్‌లే. మిగులు ఉండదు. ఓపిక ఉన్నవారు అక్కడిదాకా వెళ్తారు, తొందర ఉన్నవారు ప్రతి ఏడాదీ హెట్‌లతోనే జూదం ఆడతారు.

మెండెల్ బఠానీ

జన్యుశాస్త్రం ప్రకారం మీ మాట సరైనదే. కానీ పిల్లలన్నీ క్లౌన్‌లే అయితే క్లౌన్ ధర ఇంకా త్వరగా పడుతుంది, అప్పుడు కొత్తదనం కోసం నాలుగో జన్యువును కలుపుతారు, మళ్లీ హెట్‌ల దగ్గర మొదలు. ఈ గొలుసు తెగేది రంగుల సంఖ్యను లెక్కపెట్టడం మానేసినప్పుడే. ఒకే రంగులో మంచి తిండిపోతు, మంచి ఒడ్డూ పొడుగూ, సాధు స్వభావం ఉన్న వంశాన్ని నిలబెట్టేవారికి ఈ అభిరుచి పేరు కూడా ఇవ్వడం లేదు.

సాదా పామే చాలు

ఇదే నేను కోరేది. ‘ఎన్ని జన్యువులు?’ అనే ప్రశ్న ముందు రాకూడదు. ‘ఎన్నిసార్లు తింది?’ అని అడగాలి.

లెస్టర్ పశువైద్యురాలు

అయితే అమ్మే డబ్బా మీది కార్డును మార్చండి. ఇప్పుడు దాని మీద జన్యువుల పేర్లు, ఆడా మగా, ధర ఉంటున్నాయి. బరువు ఎంత, ఎన్నిసార్లు తింది, బతికున్న ఎలుకనా చంపినదా, తల్లి ఎన్నేళ్లకు ఒకసారి గుడ్లు పెడుతోంది, అదే విడతలో ఎన్ని పిల్లలు పుట్టాయి, అవి ఎక్కడికి వెళ్లాయి. ఇవి కూడా రాయాలి. నాపర్‌విల్ నాన్న గారి లాంటివారు ఇవి అడిగి, జవాబు రాని బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోతే ధరలు వాటంతట అవే దారికి వస్తాయి. నేను ధరను నియంత్రించమనడం లేదు. పాము గురించి నాలుగు మాటలు రాయమంటున్నాను.

డాలస్ గూడు

బరువు, తిన్న వివరాలు నేను ఇప్పటికే ఇస్తున్నాను. తోబుట్టువుల సంఖ్య, అవి వెళ్లిన చోటు కూడా వచ్చే సీజన్ నుంచి రాస్తాను, అందులో సిగ్గుపడాల్సింది నాకు ఏమీ లేదు. తల్లిని ఏడాది విడిచి ఏడాదే జతకట్టిస్తాను, అదీ రాస్తాను. ధర మాత్రం తగ్గించను. అడిగిన ధర ఇవ్వలేనివారికి మొన్న పుట్టిన నార్మల్ ఆడపిల్లను చూపిస్తాను. డబ్బాలో చేయి పెట్టగానే ముడుచుకోకుండా బయటికి వచ్చేది ఆ విడతలో అదొక్కటే.